నాలుగంతస్తుల మాల్, పన్నెండడుగుల అంగడి: కడప బట్టల వ్యాపారంలో నిలవ సరుకు లెక్క

పెండ్లి కుదిరిన ఇంట్లో భోజనాల గురించి, మండపం గురించి వాదనలు తర్వాత వస్తాయి. మొదట వచ్చేది బట్టలెక్కడ తీయాలన్న వాదనే. కడపలో అది దాదాపు అన్ని ఇండ్లలోనూ ఒకే తీరుగా నడుస్తుంది. పిల్లలు మాల్‌కు పోదామంటారు. ఏసీ ఉంటుంది, లిఫ్టు ఉంటుంది, ముహూర్తం చీర మొదలు చంటిపిల్లోడి షేర్వాణీ దాకా ఒక్కచోటే దొరుకుతుంది. పెద్దవాళ్లేమో వై.వి. స్ట్రీట్‌లో తెలిసిన అంగడికే పోదామంటారు. అక్కడ మొహం చూసి ధర చెప్తారు, రంగు నచ్చకపోతే మార్చిస్తారు, చేతిలో తక్కువైతే మిగతాది తర్వాత ఇచ్చుకోవచ్చు. చివరకు చాలామంది రెండుచోట్లకూ పోతారు. పెండ్లికూతురి చీర ఒకచోట, బంధువులకు పెట్టుబడి చీరలు ఇంకోచోట తీసుకుంటారు. ఏది ఎక్కడ కొంటున్నామో జనానికి బాగానే తెలుసు. ఎందుకలా కొంటున్నామన్నది మాత్రం పెద్దగా మాటల్లోకి రాదు.

సాధారణంగా ఈ పోలికంతా ధర చుట్టూ తిరుగుతుంది. మాల్‌లో ఎక్కువా, అంగట్లో తక్కువా? ఈ ప్రశ్నతో ఎంత దూరం పోయినా తేలేది తక్కువే. ఒకే చీర రెండుచోట్లా దొరకడం అరుదు. దొరికినా ఒకచోట డిస్కౌంటు, మరోచోట బేరం. ఏ ధరను ఏ ధరతో పోల్చాలో తెలియదు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. అమ్ముడుపోని బట్ట ఏమవుతుంది? ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? బట్టల వ్యాపారం గుట్టంతా అందులోనే ఉంది. పెద్ద దుకాణానికీ చిన్న అంగడికీ ఉన్న మిగతా తేడాలన్నీ అక్కడి నుంచే పుట్టుకొస్తాయి.

ముందుగా పేరు సంగతి. తెలుగు ఊళ్లలో షాపింగ్ మాల్ అని పిలిచేది నిజానికి మాల్ కాదు. మాల్ అంటే ఒకే కప్పు కింద వేర్వేరు యజమానుల దుకాణాలుండే చోటు. ఒకే యజమాని కింద అంతస్తుకో విభాగం పెట్టి, ఒకే బిల్లుతో అన్నీ అమ్మేదాన్ని డిపార్ట్‌మెంట్ స్టోర్ అంటారు. మన నాలుగంతస్తుల బట్టల షోరూములు ఆ జాతివి. చందన బ్రదర్స్, ఆర్.ఎస్. బ్రదర్స్, సీఎంఆర్, సౌతిండియా షాపింగ్ మాల్, కళామందిర్ లాంటి పేర్లు తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ తెలుసు. వీటిలో కళామందిర్ మాతృసంస్థ 2023 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్లోకి కూడా వచ్చింది. చీరలమ్మే సంస్థ వాటాలు ఊరూపేరూ తెలియని మదుపుదారుల చేతుల్లోకి వెళ్లాయంటే, మూడు నెలలకోసారి వాళ్లకు లెక్క చెప్పుకోవాలి. నిలవ సరుకు ఆ లెక్కలో దాక్కోలేదు.

ఈ జాతి దుకాణానికి మూలం పారిస్‌లో ఉంది. అరిస్టీడ్ బూసికో అనే వ్యాపారి 1852లో 'బాన్ మార్షే' అనే దుకాణంలో భాగస్వామిగా చేరాడు. అక్కడ ప్రతి వస్తువుకూ ధర చీటీ కట్టాడు. కొనకపోయినా లోపలికి వచ్చి చూసి పోవచ్చన్నాడు. నచ్చకపోతే వెనక్కి తెమ్మన్నాడు. ఈరోజు ఇవన్నీ మామూలు విషయాలు. కానీ అప్పటిదాకా పారిస్‌లోనూ బట్టలంగడి అంటే చాలావరకు, పరుపు మీద కూర్చోబెట్టి అమ్మే మన పాత అంగడి లాంటిదే: కొనేవాడే లోపలికి రావాలి, ధర బేరంలో తేలాలి, ఒకసారి కొన్నది కొన్నట్టే. బూసికో కనిపెట్టిన అసలైన చిట్కా ఇంకొకటి. కొత్త సంవత్సరం సందడి అయిపోయాక జనవరిలో అమ్మకాలు పడిపోతాయి. ఆ ఖాళీ నెలలో దుప్పట్లు, తువ్వాళ్ల వంటి తెల్లబట్టలను తగ్గింపు ధరకు పెట్టి జనాన్ని రప్పించాడు.

ఆషాఢం సేల్ గుర్తొస్తోందా? అక్షరాలా అదే. ఆషాఢంలో ముహూర్తాలుండవు, కొత్త కోడలు పుట్టింట్లో ఉంటుంది, బట్టలంగళ్లు ఈగలు తోలుకుంటుంటాయి. తర్వాత వచ్చే శ్రావణంలో వరలక్ష్మీ వ్రతాలు, పెండ్లిళ్లు. ఆ రద్దీకి కొత్త సరుకు దించాలంటే అరలు ఖాళీ కావాలి, చేతిలో రొక్కం ఆడాలి. పారిస్ జనవరి, కడప ఆషాఢం ఒకే రోగానికి ఒకే మందు.

ఇక నిలవ లెక్క. చిన్న అంగడితో మొదలుపెడితే సులువుగా అర్థమవుతుంది. ఉదాహరణకు ఒక వ్యాపారి సూరత్ నుంచో, బెంగళూరు చిక్‌పేట నుంచో ఒక్కోటి 500 రూపాయల చొప్పున వంద ఫ్యాన్సీ చీరలు తెచ్చాడనుకుందాం. పెట్టుబడి 50 వేలు. బేరాలన్నీ పోను సగటున 750కి అమ్మితే, 67 చీరలు పోయేసరికి పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. బాడుగ, కరెంటు, గుమస్తా జీతం కలిసి ఇంకో పది పన్నెండు చీరల ఖరీదు తింటాయి. మిగిలిన ఇరవై చీరలే అతని సంపాదన. చిక్కేమిటంటే ఆ ఇరవై చీరలూ వచ్చినవాళ్లంతా చూసి పక్కన పెట్టినవి. అంటే చిన్న వ్యాపారి లాభం గల్లాపెట్టెలో ఉండదు, ఎవరికీ నచ్చని రంగుల రూపంలో వెనక అరలో ఉంటుంది. దాన్ని డబ్బు చేసుకోవడమే అతని విద్య.

అందుకే అక్కడ బేరం ఉంటుంది. బేరమంటే మోసమనీ, ఒకటే ధర ఉంటే నిజాయితీ అనీ చాలామంది చదువుకున్నవాళ్ల నమ్మకం. అది సగమే నిజం. అంగడివాడు ఏ చీర నిన్న వచ్చిందో, ఏది పోయిన దసరా నుంచి పడి ఉందో తెలిసి బేరమాడతాడు. కొత్తదాని మీద యాభై రూపాయలు కూడా వదలడు, పాతదాన్ని అసలుకే ఇచ్చేస్తాడు. మాల్ వాళ్లు ఎర్ర స్టిక్కర్ అంటించి చేసే పనిని అతను నోటితో చేస్తున్నాడు. ఈ సంగతి తెలిసిన ఆడవాళ్లు వై.వి. స్ట్రీట్‌లో ఒక మాట వాడతారు: "పాత సరుకుంటే తీయన్నా, మడతలు పోయినా పర్వాలేదు." పెట్టుబడి చీరలు ముప్పై నలభై కావలసినప్పుడు ఆ ఒక్క మాటతో బిల్లు ఎంతో కిందికి దిగుతుంది. అయితే బేరంలో ఒక అన్యాయం ఉందన్నదీ ఒప్పుకోవాలి. పల్లె నుంచి వచ్చిన బెరుకు మనిషి, అడగడానికి మొహమాటపడే మనిషి ఎక్కువ ఇచ్చుకుంటారు. గట్టిగా అడగగలిగినవాళ్లకు తగ్గేది ఈ బెరుకు మనుషుల దగ్గర రాబడుతున్నదే. ఒకే ధర చీటీ ఆ బెరుకు మనిషికి నిజమైన మేలు చేసింది. మాల్ గురించి ఎంత విమర్శ చేసినా ఈ మేలును తక్కువ చేయకూడదు.

పెద్ద దుకాణం నిలవ సరుకును వేరే రకంగా ఎదుర్కొంటుంది. ప్రతి చీరకూ బార్‌కోడ్ ఉంటుంది కాబట్టి ఏ రోజు దిగింది, ఎన్నాళ్లుగా కదల్లేదు అన్నది కంప్యూటర్ చెప్తుంది. కడపలో కదలని రంగు వేరే ఊరి శాఖలో కదలవచ్చు, బండిలో వేసి పంపితే సరి. ఒక్క అంగడే ఉన్నవాడికి ఆ దారి లేదు. ఇక రెండో దారి ఇంకా బలమైనది. ఎక్కువ మొత్తంలో కొనేవాడు సరఫరాదారుతో షరతులు మాట్లాడగలడు. అమ్ముడుపోతేనే డబ్బు, పోనిది వెనక్కి అనగలడు. అలా అన్న క్షణంలో నిలవ భారం దుకాణం నెత్తి మీది నుంచి దిగి, తయారుచేసినవాడి నెత్తికెక్కుతుంది.

విలాసవంతమైన పెద్ద దుకాణాల్లో ఇది ఇంకా ముందుకు పోయింది. లండన్, పారిస్ నగరాల్లోని పేరున్న డిపార్ట్‌మెంట్ స్టోర్లలో సెంట్లు, చేతిసంచులు, గౌన్లు అమ్మే మూలలు చాలావరకు ఆయా బ్రాండ్లవే. సరుకు వాళ్లదే, అమ్మే మనిషీ వాళ్ల మనిషే. దుకాణం చోటు ఇచ్చి అమ్మకంలో వాటా తీసుకుంటుంది. పారిస్‌కు చెందిన 'గ్యాలరీస్ లాఫయెట్' 2025లో ఆదిత్య బిర్లా సంస్థతో కలిసి ముంబైలోనూ అడుగుపెట్టింది. అద్దాల వెనక అంత వైభవం కనిపిస్తుంటుంది గానీ, లోపలి లెక్కలో ఆ వ్యాపారం ఖరీదైన చోటును బాడుగకిచ్చే వ్యాపారానికి దగ్గరగా ఉంటుంది.

అయితే అంత పెద్ద భవనం అంత పెద్ద ఖర్చు కూడా. నాలుగంతస్తులకు ఏసీ, లిఫ్టులు, జనరేటరు, వందమంది సిబ్బంది, సినిమా తారతో ప్రారంభోత్సవం, పేపర్లో నిండు పేజీ ప్రకటన. ఇవన్నీ చీర మీదే పడాలి. టోకున చవగ్గా కొన్న లాభం చాలావరకు ఇందులోనే కరిగిపోతుంది. అందుకే చివరి ధరలు జనం అనుకున్నంత తేడాగా ఉండవు. ఖర్చు పెద్దది, అప్పు కూడా పెద్దదైతే, అమ్మకాలు ఒక్క ఏడాది పడిపోయినా తట్టుకోవడం కష్టం. అమెరికాలో నీమన్ మార్కస్, జేసీ పెన్నీ 2020 మే నెలలో దివాలా పిటిషన్లు వేశాయి. 1670లో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ కెనడాలోని తన డిపార్ట్‌మెంట్ స్టోర్లను 2025లో మూసేసింది. మూడున్నర శతాబ్దాల పేరు కూడా అప్పుకు అడ్డం పడలేదు. చిన్న అంగడి బతికి బట్టకట్టడానికి ముఖ్య కారణం దాని ఖర్చు తక్కువ కావడమే. సొంత గది, ఇంటి మనుషులే పని మనుషులు, గిరాకీ లేని రోజు ఫ్యాన్ కింద పేపరు చదువుకుంటే గడిచిపోతుంది.

సరే, మాల్ డిస్కౌంటు సంగతి కాస్త వివరంగా చూడాలి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే. '50 శాతం, దాని మీద 20 శాతం' అని బోర్డు పెడితే 70 శాతం తగ్గినట్టు అనిపిస్తుంది. వెయ్యి రూపాయల చొక్కా మొదట 500 అవుతుంది, ఆ 500లో 20 శాతం తీస్తే 400. తగ్గింది 60 శాతమే. 'రెండు కొంటే ఒకటి ఉచితం' అంటే 33 శాతం తగ్గింపు, అదీ మూడూ నిజంగా అవసరమైతేనే. ఇక పన్నులన్నీ కలిపే ముద్రించిన ఎమ్మార్పీ మీద తగ్గింపు ఇచ్చి, బిల్లు దగ్గర మళ్లీ పన్ను వేయడం ఒక పాత అలవాటు. ఇది తగని వ్యాపార పద్ధతని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లోనే తేల్చింది. బిల్లులో ఆ వరుస కనిపిస్తే అక్కడికక్కడే అడగవచ్చు.

పన్ను రేట్లు కూడా ఈ పోటీని ఒక పక్కకు వంచుతున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తుల మీద జీఎస్టీ మారింది. ఒక్కో దుస్తు 2,500 రూపాయల లోపుంటే 5 శాతం, దాటితే 18 శాతం. అంతకుముందు గీత వెయ్యి రూపాయల దగ్గర ఉండేది. లోపల 5, బయట 12. ఇప్పుడు 2,500 రూపాయల డ్రెస్సు పన్నుతో 2,625 అవుతుంది. ఇంకో వంద పెరిగి 2,600 అయితే పన్నుతో కలిపి 3,068. వంద రూపాయల తేడా చివరికి 443 రూపాయల తేడా అవుతుంది. కాబట్టి అమ్మేవాళ్లు ఆ గీత దాటకుండా ధరలు అమర్చుకుంటారు, దాటినవి ఏకంగా పైకి పోతాయి. దెబ్బ ఎక్కువగా తగిలేది రెడీమేడ్ లెహంగాలు, షేర్వాణీలు, బ్లేజర్లు అమ్మే పై అంతస్తులకు. కుట్టని బట్టకు, చీరకు మాత్రం ధర ఎంతైనా 5 శాతమే. తాను నుంచి మీటర్ల లెక్కన కోసిచ్చే పాత అంగడికి, దాని పక్కనే మెషిన్ పెట్టుకున్న టైలరుకు ఇది అనుకోకుండా కలిసొచ్చింది. ఆ గీత దాటే సూటును, బట్ట కొని కుట్టించుకునే పద్ధతి మళ్లీ లెక్కలోకి వచ్చింది.

డబ్బు లెక్కలకు అందని తేడాలు కూడా ఉన్నాయి. అందులో ఒకటి, అమ్మేవాళ్లు కూర్చుంటారా నిలబడతారా అన్నది. పాత అంగట్లో గోడ నుంచి గోడ దాకా పరుపు పరిచి, పైన తెల్ల దుప్పటి వేసి ఉంటుంది. కొనేవాళ్లు చెప్పులు విడిచి వచ్చి కూర్చుంటారు. అంగడాయన ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని, అర నుంచి చీర లాగి, ఒక్క విసురుతో కొంగు బయటికి పడేలా పరుస్తాడు. ఆ విసురులో అంచు, పమిట, బుటా మూడూ ఒకేసారి కనబడాలి. అది చూసి నేర్చుకునే పని. పది నిమిషాల్లో పరుపు మీద ముప్పై చీరలు గుట్టపడతాయి. కొనేవాళ్లు పోయాక అన్నీ మడతపెట్టడానికి అరగంట పడుతుంది. అయినా అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ కూర్చునే ఉంటారు.

మాల్‌లో కొనేవాళ్లకు కుర్చీలుంటాయి. కౌంటరు వెనక అమ్మాయి నిలబడే ఉంటుంది, పొద్దున షట్టరు లేచినప్పటి నుంచి రాత్రి లెక్క కట్టేదాకా. ఈ అమ్మాయిల్లో చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లే. ఇంటర్ దగ్గరో డిగ్రీ దగ్గరో చదువు ఆగినవాళ్లకు, ఇల్లు దాటి నెల జీతం తెచ్చుకునే దారి దొరకడం చిన్న విషయం కాదు. పన్నెండడుగుల అంగడి ఆ ఉద్యోగం ఇవ్వలేదు. ఇంటి మనుషులతోనే దాని పని గడిచిపోతుంది. కానీ ఆ జీతం కాళ్ల నొప్పులతో, వాచిన మడమలతో రావలసిన అవసరం లేదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ దుకాణాల చట్టాలను సవరించి, గిరాకీ లేని సమయంలో సిబ్బంది కూర్చోవడానికి ఆసనం ఉండాలని నిబంధన పెట్టాయి. కేరళలో ఈ పని మొదలైంది బట్టల దుకాణాల ఆడవాళ్ల గోడుతోనే. ఒక స్టూలు వేస్తే మాల్ వైభవం తగ్గిపోదు. కూర్చోబెట్టి అమ్మే సంప్రదాయం మన దగ్గర తరతరాలుగా ఉన్నదే, కొత్తగా ఎక్కడి నుంచో తెచ్చుకోవలసింది కాదు.

అరువు గురించి నాలుగు మాటలు. రాయలసీమలో పంట మీదే డబ్బు తిరుగుతుంది. కేసీ కాలువ కింద వరి, మెట్టన వేరుశనగ, పత్తి, అక్కడక్కడా పసుపు. డబ్బు పంట అమ్మాకే వస్తుంది, పండుగలూ పెండ్లిళ్లూ దాని కోసం ఆగవు. ఆ సందును పూడ్చింది చిన్న అంగడి ఖాతా పుస్తకం. ఇవాళ మాల్‌లో ఆ చోటును కార్డు, వాయిదాల పద్ధతి తీసుకున్నాయి. జీతం చీటీ ఉన్నవాడికి అవి బాగానే పనిచేస్తాయి. రైతుకు, కూలికి, బేల్దారి మేస్త్రీకి ఖాతా పుస్తకానికి సాటి వచ్చేది ఇంకా రాలేదు. ఖాతా ఉన్నచోట మనిషి బేరం గట్టిగా ఆడలేడన్నదీ నిజమే. ఆ మాత్రం వడ్డీ ధరలోనే కలిసి ఉంటుంది.

పట్టుచీర దగ్గరకొస్తే నిలవ ప్రశ్న మగ్గం దాకా పోతుంది. కడపకు అటూ ఇటూ నేతగాళ్లకు కొదవ లేదు. సిద్ధవటం మండలం మాధవరంలో పట్టు మగ్గాలున్నాయి. జమ్మలమడుగు వైపూ నేత ఉంది. అనంతపురం దాటితే ధర్మవరం, ఇంకా దక్షిణానికి పోతే పట్టుగూళ్ల మార్కెట్టున్న హిందూపురం. ధర్మవరం చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లోని ఆడవాళ్ల చీరల అంచులు నేటికీ అక్కడి నేతలో కనిపిస్తాయి. చేమగ్గం మీద ఒక పడుగుకు, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించిన నిలువు దారాలకు, కొన్ని చీరలే దిగుతాయి. ప్రతి పడుగుకూ రంగో, అంచో మారవచ్చు. పెద్ద దుకాణానికి కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: ఒకే డిజైన్, ఒకే రంగు, అన్ని శాఖలకూ సరిపడా, ఫలానా తేదీకల్లా. ఆ ఆర్డరు సహజంగా మరమగ్గానికి అనుకూలిస్తుంది. చీరతో సహా కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చినా, చేనేత డిజైన్లు మరమగ్గాల మీద దిగడం ఆగలేదు. ధర్మవరం నేతగాళ్ల మొర చాలాకాలంగా ఇదే.

చిన్న అంగడి నాలుగు చీరలు తీసుకోగలదు. ఒక్కో రంగుకు ఒకటే ఉన్నా దానికి ఇబ్బంది లేదు. నిజానికి 'ఈ రంగు ఇంకెక్కడా లేదమ్మా' అని చెప్పుకోవడానికి పనికొస్తుంది. కానీ నాలుగు చీరల ఆర్డరుతో మగ్గం ఏడాదంతా ఆడదు. పైగా డబ్బు నిదానంగా వస్తుంది. పెద్ద కొనుగోలుదారు బ్యాంకు ద్వారా చెల్లిస్తాడు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొన్న సరుకుకు గరిష్ఠంగా 45 రోజుల గడువులో చెల్లించకపోతే ఆ ఖర్చును డబ్బు కట్టిన ఏడాదిలోనే ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవాలన్న నిబంధన 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి వచ్చాక, పేరు నమోదు చేసుకున్న తయారీదారుకు కొంత పట్టు దొరికింది. నేతగాడి వైపు నుంచి చూస్తే మాల్ శత్రువూ కాదు, అంగడి దేవుడూ కాదు. అమ్ముడుపోని చీరను వెనక్కి పంపేవాడెవరు, ఉంచుకునేవాడెవరు అన్నదే అతని బతుకును తేలుస్తుంది.

ఉంచుకోవడం కూడా ఊరికే జరగదు. పట్టుచీరను ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంచితే, ఆ గీత వెంబడి దారం చిట్లుతుంది. తేమ తగిలితే జరీ నల్లబడుతుంది. అందుకే పాతకాలం పట్టు వ్యాపారులు అమ్మకం లేని రోజుల్లో అరలన్నీ దించి, ఒక్కొక్క చీరనూ విప్పి, మడత మార్చి మళ్లీ సర్దుతారు. అంత జాగ్రత్త చేసిన చీరను పాతదని తక్కువగా చూడనక్కర్లేదు. కొనేటప్పుడు మడత గీతను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే చాలు, చిట్లిందో లేదో తెలిసిపోతుంది.

అసలు పట్టా కాదా అన్న అనుమానం రెండుచోట్లా రావాలి. మాల్ వెలుగుల్లో పాలిస్టరు కూడా పట్టులాగే మెరుస్తుంది. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో మొదలైన సిల్క్ మార్క్ చీటీ ఉంటే ధైర్యం. చీటీ లేకపోతే పమిట కొసలోని కుచ్చు నుంచి రెండు పోగులు లాగి కాల్చి చూసే పాత పద్ధతి ఉండనే ఉంది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. పాలిస్టరు కరిగి గట్టి గుండులా అవుతుంది. పరుపు అంగట్లో అడిగితే యజమానే అగ్గిపెట్టె తీసి చూపిస్తాడు. నాలుగంతస్తుల భవనంలో అగ్గిపుల్ల గీయనివ్వరు, గీయనివ్వకూడదు కూడా. అక్కడ చీటీయే ఆధారం. తెలిసిన మనిషి మీద నమ్మకం ఒకచోట, కాగితం మీద నమ్మకం ఇంకోచోట.

ఆ కాగితానికి ఇంకో విలువ ఉంది. 'ఒకసారి అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు' అన్న బోర్డు చిన్న అంగళ్లలో, పెద్ద దుకాణాల బిల్లుల వెనక కూడా కనిపిస్తుంది. లోపమున్న సరుకు విషయంలో ఆ మాట చెల్లదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం తగని వ్యాపార పద్ధతి. ఒక్క ఉతుకుకు రంగు దిగిన చీర, అంచు దగ్గర నేత తప్పిన పంచె దీని కిందికి వస్తాయి. రంగు నచ్చలేదన్నది రాదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. కానీ బిల్లు ఉండాలి. మాల్‌లో అది అడగకుండానే వస్తుంది. అంగట్లో 'బిల్లు ఎందుకులే, తక్కువకిస్తా' అన్న మాట వినిపిస్తే, తగ్గే ఆ కొద్ది రూపాయలకు బదులుగా ఇచ్చేస్తున్నది ఈ 30 రోజుల హక్కునే. తెలిసిన అంగడి కాబట్టి మాట మీద మార్చిస్తాడన్న ధీమా ఉంటే సరే. తెలియని అంగడి దగ్గర ఆ ధీమా పనికిరాదు.

ఇక రద్దీ కాలంలో ఈ రెండూ ఎలా ఉంటాయో చూస్తే మరో విషయం తేలుతుంది. రంజాన్ చివరి పది రోజులు వై.వి. స్ట్రీట్, దాని చుట్టుపక్కల సందులు అర్ధరాత్రి దాకా నిద్రపోవు. తోపుడు బండి మీద దుపట్టాలు, మెట్ల మీద గాజులు, అంగడి ముందు వేలాడే పిల్లల కుర్తాలు. ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు కూడా వచ్చి టెంకాయ కొట్టే ఊరిది. పండుగ ఎవరిదైనా కొత్తబట్ట వీధి ఒకటే. ఆ పది రాత్రుల్లో చిన్న అంగడి రోజూ సరుకు మార్చుకుంటుంది. సాయంత్రం ఏ రంగు అడిగారో చూసి, మర్నాడు పొద్దునే టోకు వ్యాపారి దగ్గర అదే తెచ్చి వేలాడదీస్తుంది. మాల్ అరల్లో ఏముండాలో రెండు మూడు నెలల ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. పెద్ద ఓడ మలుపు తిరగడానికి చోటు కావాలి. ఈ తక్కువ వ్యవధి ఫ్యాషన్‌లో సందులోని అంగడిదే పైచేయి. గట్టి పోటీ ఇప్పుడు దానికి మాల్ నుంచి కంటే, కొన్ని వందల రూపాయల్లోనే కొత్త డిజైన్లు దించే జూడియో లాంటి గొలుసు దుకాణాల నుంచి వస్తోంది. కాలేజీ పిల్లలు ఒకప్పుడు సందుల్లో కొనుక్కున్న టీషర్టులే ఇప్పుడు అక్కడ కొంటున్నారు.

మాల్ వచ్చాక సందుల్లో కొన్ని అంగళ్లు మూతపడిన మాట వాస్తవం. మధ్యస్థంగా ఉన్నవి, అంటే సందు అంగడి కంటే ఖర్చెక్కువ, మాల్ కంటే రకాలు తక్కువ ఉన్నవి ఎక్కువగా దెబ్బతిన్నాయి. పెండ్లిబట్టల కోసం రైలెక్కి మద్రాసు టి.నగర్‌కు పోయే అలవాటునూ మాల్ చాలావరకు ఆపింది. ముంబై-చెన్నై లైను మీద ఉన్న ఊరు కాబట్టి కడపవాళ్లకు అదొక ఆనవాయితీగా ఉండేది. ఆ డబ్బు ఇప్పుడు ఊళ్లోనే ఖర్చవుతోంది. మరి అదే మాల్ వల్ల పెరిగిన చిన్న అంగళ్లూ ఉన్నాయి. వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మ్యాచింగ్ సెంటర్లు, ఫాల్ పీకో చేసేవాళ్లు, జాకెట్టుకు మగ్గం వర్క్ వేసేవాళ్లు. మాల్‌లో చీర కొన్నంతమాత్రాన కట్టుకోవడానికి సిద్ధమైనట్టు కాదు. దానికి ఫాల్ కావాలి, లంగా కావాలి, జాకెట్టుకు లైనింగ్ కావాలి. చీరలో వచ్చిన జాకెట్టు ముక్క నచ్చకపోతే వేరే గుడ్డ కావాలి. బిల్లింగ్ కౌంటరు దాటిన ప్రతి చీరా ఏదో ఒక సందులోకి దారి తీస్తుంది.

అటువంటి మ్యాచింగ్ సెంటర్లో మూడు గోడలకూ నేల నుంచి కప్పు దాకా టూ బై టూ రూబియా చుట్టలే. ఒక్క ఆకుపచ్చలోనే పాతిక ముప్పై రకాలు: చిలకాకుపచ్చ, పెసరపచ్చ, నాచురంగు, వేపాకు, ఇంకా పేరు లేనివి. మాల్ పేరున్న సంచిలోంచి చీర తీసి బల్ల మీద పెడితే, అంగడాయన పేరడగడు, ధరడగడు. అంచు రంగు మీద ఒక చూపు పారేసి, వెనక్కి తిరిగి మూడు చుట్టలు లాగుతాడు. ట్యూబులైటు కింద మూడూ సరిపోయినట్టే కనిపిస్తాయి. అప్పుడతను చీర కొంగునూ మూడు గుడ్డలనూ కలిపి పట్టుకుని గడప దాటి వీధిలోకి వస్తాడు. ఎండలో రెండు రంగులు వెంటనే తేలిపోతాయి. మూడోది అంచులో కలిసిపోయి, ఎక్కడ చీర ఆగిందో ఎక్కడ గుడ్డ మొదలైందో తెలియకుండా నిలుస్తుంది. "ఇది చూడమ్మా," అంటాడు. ఒక మీటరు కోసి, కాగితంలో చుట్టి, అదే మాల్ సంచిలో పెట్టి ఇస్తాడు.